బెల్లు తాత సైకిలు, 48 వోల్టుల బ్యాటరీ

(స్వర్ణోత్సవాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు కూడా ఒక పావుగంట మాట్లాడాలిరా" అన్నప్పుడు నాకు భయం వేసింది. డాక్టర్లు, కలెక్టరాఫీసు వాళ్ళు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళు ఉండగా నేను మాట్లాడేదేముందండీ అన్నాను. "నీ షాపులో రోజూ చూసేదే చెప్పు" అన్నారు. నాది బజారులో రేడియోలు, టీవీలు బాగుచేసే షాపు. రేడియోలు పోయాయి, డబ్బా టీవీలూ పోయాయి. ఇప్పుడు నా బల్ల మీద ఎక్కువగా ఉండేవి బ్యాటరీ సైకిళ్ళ కంట్రోలర్లు, చార్జర్లు. వచ్చే కుర్రాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "అంకుల్, నాది 36 వోల్టుల సైకిలు. 48 బ్యాటరీ పెడితే స్పీడు పెరుగుద్దంట కదా. కంట్రోలర్ కాలిపోద్దా?"

ఆ ప్రశ్నకి జవాబు చెబుతాను. దాంతోపాటు నేను చేసిన తప్పు కూడా ఒకటి చెబుతాను. అది మీకందరికీ తెలిసిన మనిషి ఇంట్లో జరిగింది. ఆయన అదుగో, వెనక తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. మన బెల్లు తాత. మనం చదువుకునే రోజుల్లో ఆయనకి నలభై ఏళ్ళు కూడా ఉండవు, అయినా మనకి తాతే. ఆయన్ని అడిగే చెబుతున్నాను. "చెప్పుకోరా, నాకు పోయిందేముంది, ఒక దోమతెర" అన్నారు.

రిటైరయ్యాక తాతకి మోకాళ్ళు పట్టేశాయి. రోజూ కాలువ దాటి నాలుగు కిలోమీటర్లు పోయి కొబ్బరి మొక్కలు చూసుకోవడం మానరు. అందుకని ఆయన పాత సైకిలుకే ఒక కిట్టు బిగించాను. వెనక చక్రం మధ్యలో 250 వాట్ల మోటారు, సీటు కింద కంట్రోలరు, గొట్టం మీద 36 వోల్టుల బ్యాటరీ. చక్రం ఇరుసులో మోటారు పెట్టడం నిన్నా మొన్నటి ఆలోచన కాదండోయ్. 1895లోనే అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన సరిగ్గా ఇలాంటి సైకిలుకే పేటెంటు తీసుకున్నాడు. ఆయనది 10 వోల్టుల బ్యాటరీ, 100 ఆంపియర్ల కరెంటు. అంటే వెయ్యి వాట్లు. అదే వెయ్యి వాట్లు 48 వోల్టుల దగ్గర తియ్యాలంటే 21 ఆంపియర్లు చాలు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే తీగలో వేడి సుమారు ఇరవై మూడో వంతుకి తగ్గిపోతుంది. వోల్టులు పెంచుదామనే ఆశ ఉత్త స్పీడు పిచ్చి కాదు, దాని వెనక ఇంత న్యాయం ఉంది. ఇది ముందే చెప్పకపోతే కుర్రాళ్ళు నన్ను ముసలాడి కింద లెక్కేస్తారు.

స్పీడు ఎందుకు పెరుగుతుందో మా సైన్సు మాస్టారు తొమ్మిదో తరగతిలోనే చూపించారు. ఆయనే మర్చిపోయి ఉంటారు. ఒకరోజు తన సైకిలుని బల్ల మీదకెక్కించి, తలకిందులుగా నిలబెట్టి, డైనమోని టైరుకి ఆనించి పెడలు తిప్పమన్నారు. మెల్లిగా తిప్పితే బల్బు గుడ్డిగా, గట్టిగా తిప్పితే తెల్లగా వెలిగింది. తిరిగేది ఏదైనా వేగాన్ని బట్టి వోల్టులు పుట్టిస్తుంది. మోటారూ అంతే. తిరుగుతున్నంతసేపూ తనూ ఒక డైనమోయే, బ్యాటరీకి ఎదురుగా వోల్టులు పుట్టిస్తుంటుంది. ఆ ఎదురు వోల్టులు బ్యాటరీ వోల్టులకి దగ్గరపడ్డాక ఇంక వేగం పెరగదు. 36 బదులు 48 ఇస్తే ఆ హద్దు మూడో వంతు పైకి జరుగుతుంది. 25 కిలోమీటర్లతో పోయే సైకిలు 33తో పోతుంది. లెక్క అంతే.

తాత మనవడు డిగ్రీ చదువుతూ సాయంత్రాలు ఆ సైకిలు మీదే పార్సిళ్ళు ఇచ్చి వచ్చేవాడు. రెండేళ్ళకి బ్యాటరీ అరిగిపోయింది. కొత్తది కొనే శక్తి లేక సిటీలో ఎవరి దగ్గరో తక్కువలో ఒక 48 వోల్టుల బ్యాటరీ పట్టుకొచ్చాడు. పాత సెల్స్ ఏరి కట్టింది. నాలుగేసి సెల్స్ ఒక గుంపు, అలాంటి గుంపులు పదమూడు వరసగా, మొత్తం 52. "మాస్టారూ, ఇది దీనికి తగిలించి ఇవ్వండి" అన్నాడు. నన్నూ మాస్టారనే అంటాడు, అక్కడే పడిపోయాను.

కంట్రోలరు మూత విప్పాను. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను, ఇంజినీర్లు ఓపిక పట్టాలి. 36 వోల్టుల బ్యాటరీ అంటే 36 దగ్గర ఉండేది కాదు. పది గుంపులు, ఒక్కోటి నిండా చార్జయితే 4.2 వోల్టులు, అంటే 42. 48 అని పేరు పెట్టింది నిండితే పదమూడు నాలుగుం పాయింటు రెండ్లు, 54.6. కాబట్టి కంట్రోలరు తట్టుకోవలసింది 48 కాదు, 54.6. ముందు చూడవలసింది బ్యాటరీ తీగలు లోపలికి వచ్చే చోట నిలబడి ఉండే పెద్ద కెపాసిటరు. దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. కొన్నిటిలో 50 వోల్టులది వేస్తారు. అలాంటిదానికి ఈ బ్యాటరీ తగిలిస్తే ఆ రోజో ఆ వారమో అది ఉబ్బుతుంది, పైమూత చీలుతుంది. తాత దాంట్లో 63 ఉంది. మోటారుకి పోయే పసుపు, ఆకుపచ్చ, నీలం తీగల్ని వంతులవారీగా కలిపి విడదీసే మాస్ఫెట్లు ఆరు ఉంటాయి. వాటి నంబరు చూస్తే 75 వోల్టులవి. కరెంటుని ఒక్కసారి ఆపినప్పుడల్లా తీగల్లోంచి ఒక పోటు వస్తుంది, దానికీ చోటు ఉండాలి. 54.6 పోగా 75లో ఇంకా 20 ఉంది. ఫరవాలేదనుకున్నాను.

ఎవరూ చూడనిది ఇంకోటి ఉంటుంది. కంట్రోలరు మెదడుకి కావలసింది 5 వోల్టులు, మాస్ఫెట్లని నడిపేందుకు 15. ఆ 15ని తయారుచేసే చిన్న రెగ్యులేటరు, దాని ముందు ఒక రెసిస్టరు ఉంటాయి. సుమారు 50 మిల్లీ ఆంపియర్లు తాగుతాయనుకుందాం. 42 వోల్టులు వస్తే మిగిలిన 27ని ఆ రెండూ కలిసి వేడిగా తినెయ్యాలి, అది 1.35 వాట్లు. 54.6 వస్తే సుమారు 2 వాట్లు. కరెంటు మారదు కాబట్టి రెసిస్టరు తన పాత వాటా తప్ప ఎక్కువ తీసుకోదు. పెరిగిన 12.6 వోల్టులూ రెగ్యులేటరు నెత్తిన పడతాయి. చాలామంది "48 పెట్టాక గంట బాగా నడిచింది, తరవాత చచ్చిపోయింది" అనేది దీనివల్లే. మాస్ఫెట్లు కాలలేదు, మెదడుకి తిండి పెట్టేది కాలింది. నేను దాని ముందు 150 ఓముల రెసిస్టరు ఇంకోటి వరసలో వేసి ఆ బరువులో సగానికి పైగా దించాను.

మూత బిగించి బ్యాటరీ తగిలించాను. ఖాళీ కెపాసిటరు ఒక్క గుక్కలో నిండుతుంది కదా, ప్లగ్గు దగ్గర చిటుక్కుమని నీలి మెరుపు. 36కి కూడా వస్తుంది, కాని ఇది పెద్దది. చక్రం గాల్లో తిప్పి చూస్తే ఈలవేసినట్టు తిరిగింది. కుర్రాడు బజారులో ఒక రౌండు కొట్టి వచ్చి నా చేయి పట్టుకుని ఊపేశాడు. నాకూ గర్వంగానే ఉంది. తాతకి మాత్రం నచ్చలేదు. "ఇది నన్నెక్కించుకుని పోతోందా, ఎత్తుకుని పోతోందా?" అన్నారు. బ్రేకు రబ్బర్లు మార్చమన్నారు, మార్చాను. వేగం మూడో వంతు పెరిగితే ఆగడానికి పట్టే దూరం ముప్పావు వంతుకి పైగా పెరుగుతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయన మడమకే తెలిసింది.

నెల దాటాక మనవడు మళ్ళీ వచ్చాడు. కాలువ వంతెన ఎక్కేటప్పుడు సైకిలు టక్కున ఆగిపోతోందట. దిగి, స్విచ్చి ఆపి వేస్తే మళ్ళీ నడుస్తోంది. మన ఊరంతా బల్లపరుపు కదా, ఎత్తంటే ఆ వంతెన ఒక్కటే. చూస్తే ఆపుతున్నది కంట్రోలరు కాదు, బ్యాటరీలో ఉండే కాపలా బోర్డు. బీఎంఎస్ అంటారు. పదమూడు గుంపుల వోల్టులూ విడివిడిగా చూస్తూ ఉండి, ఏ ఒక్కటి బాగా దిగిపోయినా మొత్తం కరెంటు కోసేస్తుంది. అదే చార్జింగులో ఏ గుంపైనా 4.2 దాటిపోతే చార్జరునీ కోసేస్తుంది.

నేను అనుకున్నదేమిటంటే, చవక బోర్డు, వంతెన మీద లాగే 15 ఆంపియర్లకి బెదిరిపోతోంది. కుర్రాడికి పార్సిళ్ళు ఆలస్యమవుతున్నాయి, డబ్బులు కోస్తున్నారు. ఆ బోర్డు రెండు కొసలకీ అడ్డంగా ఒక లావు తీగ టంకం వేసేశాను. కరెంటు ఇంక బోర్డులోంచి కాకుండా తీగలోంచి పోతుంది. బ్యాటరీ బాగా దిగిపోతే ఆపడానికి కంట్రోలరులో ఎలాగూ కటాఫ్ ఉంది కదా అనుకున్నాను. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, ఆ మాట గట్టిగా అనుకునే ఆ తీగ వేశాను.

కంట్రోలరులో కటాఫ్ ఉంది. కాని ఎంత దగ్గర? మూత లోపలి చీటీ మీదే ఉంది, 31.5. నేను పైన ఎంత తట్టుకుంటుందో చూశాను గాని కింద ఎంత దగ్గర ఆగుతుందో చూడలేదు. ఈ 31.5 ఎక్కడిదో చెబుతాను. పాత సీసం బ్యాటరీ 12 వోల్టులది 10.5కి దిగితే ఖాళీ అని లెక్క. మూడు కలిపితే 36 వోల్టుల సెట్టు, మూడు పదిన్నరలు 31.5. పది గుంపుల లిథియం బ్యాటరీకి కూడా ఆ అంకె సరిపోయింది, గుంపుకి 3.15 పడుతుంది. పదమూడు గుంపులకి పంచితే? 2.42. 3 వోల్టుల దగ్గర ఆగవలసినవి అంత లోతుకి దిగిపోతున్నాయి. అదీ సగటున. బలహీనమైన గుంపు అందులో ఎక్కడుందో దేవుడికే తెలియాలి. హ్యాండిలు మీద చార్జింగు చూపించే లైట్లు కూడా 36కి తగ్గట్టు పెట్టినవే కాబట్టి, బ్యాటరీ దాదాపు ఖాళీ అయ్యేదాకా అవి ఫుల్లు అనే చూపిస్తాయి. కుర్రాడు వాటిని నమ్మి చివరి చుక్కదాకా తోలేవాడు.

అంత లోతుకి దిగిన లిథియం సెల్లులో ఒక పని జరుగుతుంది. లోపల రుణ ధ్రువం వైపు రేకు రాగిది. వోల్టు బాగా పడిపోతే ఆ రాగి కరిగి ద్రవంలోకి వస్తుంది. మళ్ళీ చార్జింగు పెట్టినప్పుడు అది వేరేచోట పేరుకుంటుంది. అలా పేరుకుని పేరుకుని ఏదో ఒకరోజు లోపలే షార్టవుతుంది. బయటికి ఏమీ కనబడదు. సైకిలు నడుస్తూనే ఉంటుంది, మైలేజీ కొంచెం తగ్గిందనిపిస్తుంది.

చార్జరు దగ్గర ఇంకో లెక్క. అది చూసేది మొత్తం 54.6 వచ్చిందా లేదా అనే. పదమూడులో ఒక గుంపు 3.2 దాటి ఎక్కలేకపోయిందనుకోండి, మిగిలిన పన్నెండు తలా 4.28కి పోతాయి. ఆ గుంపు పూర్తిగా చచ్చి సున్నా అయితే 4.55. అప్పుడు ఆపవలసినది ఆ బోర్డే. దాని నోరు నేను కట్టేశాను. దానిలో చార్జింగూ డిశ్చార్జింగూ ఒకే దారి. వంతెన కోసం వేసిన తీగ చార్జింగు కాపలాని కూడా తీసేసింది. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

రాత్రి పదకొండున్నరకి ఫోనొచ్చింది. వరండాలో తాత నులక మంచం, పక్కనే గోడకి చార్జింగు పెట్టిన సైకిలు. బుస్సుమని పాము బుసకొట్టినట్టు చప్పుడయిందట, తరవాత తెల్లటి పొగ. కోడలు ముందు మెయిన్ ఆపేసి మామగారిని మంచంతో సహా ఈడ్చేసింది. ఆవిడ ఆ చదువేం చదవలేదు, తోచింది చేసింది, సరైనది చేసింది. మనవడు వెదురు కర్రతో సైకిలుని వాకిట్లోకి లాగాడు. నేను వెళ్ళేసరికి ఇంకా పటపటమంటోంది. బిందెలకి బిందెలు నీళ్ళు పోస్తూనే ఉన్నాం. పైకి ఆరినట్టున్నా లోపలి వేడి పక్క సెల్లుకి పాకుతుంది, ఆపితే మళ్ళీ అంటుకుంటుంది. కుర్రాడి ముంజేతి మీద మచ్చ ఇంకా ఉంది. తాత చెప్పిన దోమతెర అప్పుడు పోయిందే. మంచం ఒక కోడు కూడా నల్లబడింది, అది ఆయన చెప్పరు.

తెల్లారాక మిగిలిన గుంపులు ఒక్కొక్కటీ మీటరు పెట్టి కొలిచాను. మూడు గుంపులు 4.3 పైన ఉన్నాయి. ఒకటి సున్నా. వంతెన మీద బోర్డు ఆపుతూ వచ్చింది ఆ గుంపు గురించే. బెదిరిపోవడం కాదు, చవకతనమూ కాదు. ఎత్తెక్కేటప్పుడు బలహీనమైన గుంపు కూలిపోతుంటే, ఉన్న సంగతి చెప్పింది.

ఆ మధ్యాహ్నం తాత షాపుకి వచ్చారు. తిడతారనుకున్నాను. స్టూలు మీద కూర్చుని, "ఆ తీగ నువ్వే వేశావటగా?" అన్నారు. అవునన్నాను. కాసేపాగి, "నేను మూడో పీరియడు బెల్లు రెండు నిమిషాలు ముందు కొడితే, ఎందుకు కొట్టావని మీ హెడ్మాస్టారు నన్ను పిలిచి అడిగేవారు. అది ఎందుకు ఆగుతోందని నువ్వు దాన్నేం అడగలేదా?" అన్నారు. అంతకన్నా ఏమీ అనలేదు. టీ తెప్పిస్తే తాగి వెళ్ళారు.

ఇప్పుడు కుర్రాళ్ళ ప్రశ్నకి జవాబు. 36 కంట్రోలరు మీద 48 బ్యాటరీ నడుస్తుంది, కెపాసిటరు 63ది ఉండి రెగ్యులేటరుకి బరువు దించితే. కాని దాని కటాఫ్ 48కి తగ్గట్టు మార్చకుండా నేను ఇంక ఎవరికీ తగిలించను. పదమూడు గుంపులకి 42 దగ్గర ఆగాలి, గుంపుకి 3.23 పడుతుంది. బోర్డు మీద బ్యాటరీ వోల్టుని కొలిచే రెండు రెసిస్టర్లలో ఒకటి మారిస్తే అవుతుంది. దానికన్నా 48దే కంట్రోలరు కొనుక్కోవడం మేలు. "36/48 రెండిటికీ, దానంతటదే కనిపెడుతుంది" అని అమ్మేవాటితో కొంచెం జాగ్రత్త. నిండా ఉన్న 36 బ్యాటరీ 42, ఖాళీ అవబోతున్న 48 బ్యాటరీ కూడా 42. బాగా దిగిన బ్యాటరీతో స్విచ్చి వేస్తే అది దీన్ని 36 అనుకుని కటాఫ్‌ని కిందికి దించేసుకునే ప్రమాదం ఉంది.

చట్టం మాట కూడా చెప్పేస్తాను. మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే మన దేశంలో దాన్ని మోటారు వాహనం కాదంటారు, లైసెన్సూ రిజిస్ట్రేషనూ అడగరు. 33తో పోయేది ఆ గీత దాటినట్టే. దాంతో ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్సు లేని బండితో గుద్దినట్టు. తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

తాత సైకిలుకి నా ఖర్చుతో కొత్త 36 బ్యాటరీ పెట్టాను. బోర్డుతో సహా, తీగ లేకుండా. చార్జింగు ఇప్పుడు వాకిట్లో జామచెట్టు కింద, పగలే. మనవడు డిగ్రీ అయిపోయి ఉద్యోగంలో చేరాడు. సైకిలు బయట స్టాండులో ఉంది, ఇందాక మీరంతా దాని పక్కనుంచే వచ్చారు.

హెడ్మాస్టారిని అడిగి ఏడో తరగతి వరండాలో ఒక బల్ల వేయించుకున్నాను. మీటరు, స్క్రూడ్రైవర్లు తెచ్చాను. భోజనాలయ్యాక సాయంత్రం దాకా అక్కడే ఉంటాను. మీ ఇంట్లో వోల్టులు మార్చిన సైకిలేదైనా ఉంటే, లేదా చార్జింగులో వేడెక్కుతున్న బ్యాటరీ ఉంటే తీసుకురండి. గుంపు గుంపునా కొలిచి చీటీ రాసి ఇస్తాను. బ్యాటరీ వద్దులెండి, లోపలికి తేవద్దు, జామచెట్టు లేదు గాని మన వేపచెట్టు ఉందిగా, దాని కింద పెట్టి నన్ను పిలవండి.